పంటకీ పంటకీ నడుమ ఒక దినం: సంగమం నుంచి మేకెదాటు దాకా నడక



గ్రూపులో ఆ బండల నడుమ నీళ్ళ ఫోటో పెట్టినప్పటి నుంచి చాలామంది అడుగుతున్నారు. "అదేం చోటు? ఎట్లా పోయినారు? పురుగుల్ని ఎవరికి అప్పజెప్పి పోయినారు?" అని. మొదటి రెండింటికీ జవాబు సులువు. చోటు పేరు మేకెదాటు. కనకపుర తాలూకాలో కావేరి రెండు బండల నడుమ ఇరుక్కుని పారే లోయ. సంగమం దగ్గర బండి దిగి నడిచి పోయినాం. మూడో ప్రశ్నే అసలైన ప్రశ్న. పురుగుల్ని ఎవరికీ అప్పజెప్పలేదు. ఆ దినం మా 11 ఇళ్ళలో ఏ షెడ్డులోనూ ఒక్క పురుగు లేదు. అది ఎట్లా కుదిరిందో ముందు చెప్పి, తర్వాత నడక సంగతి రాస్తాను.

*తేదీ ఎట్లా కుదిరింది*

పురుగు సాకే ఇంట్లో మొగుడూ పెళ్ళాం కలిసి ఒక పెళ్ళికి పోయేది కూడా అరుదని మీకు తెలుసు. ఒకరు పోతే ఒకరు ఆకు వేయాల. నాలుగో జ్వరం లేచినాక అయితే ఇంట్లో ముసలోళ్ళకు కూడా కూర్చునే తీరిక ఉండదు. మనకు తీరిక దొరికిన దినం పక్కింట్లో పురుగు పండే దినం అవుతుంది. వాళ్ళకు తీరిక దొరికేటప్పటికి మనం చాకీ దింపుకుని ఉంటాం. ఇట్లా ఏండ్లు గడిచిపోతాయి.

మా ఊర్లో పోయిన ఏడాది అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. చాకీ పురుగులు ఎవరిష్టం వచ్చినప్పుడు వాళ్ళు కాకుండా, అందరం ఒకే వారంలో దింపుకుందాం అని. తిరగడానికి పోవాలని అనుకున్న మాట కాదు ఇది, ఊజి ఈగ బాధ పడలేక అనుకున్న మాట. ఒక షెడ్డులో గూళ్ళు విడిపించే వేళకు పక్క షెడ్డులో ఐదో దశ పురుగు ఉంటే, ఊజికి ఏడాది పొడుగునా గుడ్డు పెట్టే చోటు దొరుకుతూనే ఉంటుంది. పాలరోగం, సున్నకట్టు కూడా అంతే. మన షెడ్డు ఎంత కడిగినా పక్క షెడ్డులో రోగం ఉంటే మనుషుల కాళ్ళతో, తట్టలతో మళ్ళీ వచ్చేస్తుంది. అందరం ఒక్కసారి దింపుకుని, ఒక్కసారి గూళ్ళు మార్కెట్టుకు వేసి, ఒక్కసారి బ్లీచింగు, సున్నం కొట్టి తలుపులు మూస్తే, కొన్ని దినాలు ఊరంతా పురుగు లేకుండా ఉంటుంది. ఊజికి గుడ్డు పెట్టే చోటు దొరకదు. మనకూ ఊపిరి తిరుగుతుంది.

సంక్రాంతి పంట గూళ్ళు అమ్మినాక మొదటి విడత మందు కొట్టి, షెడ్లన్నీ మూసేసినాం. తోటలో కత్తిరింపు, ఎరువు పని మిగిలి ఉండాది. అది ఒక దినం ఆగుతుంది, పురుగు లాగా ఆకలని అడగదు. అప్పుడు మా చిన్నమ్మ ఒకామె అన్నింది: "గూళ్ళు వేసుకుని రామనగరకు ఎన్నిసార్లు పోయినారో లెక్కే లేదు. ఆ ఏటి నీళ్ళు యాడికి పోతాయో ఎవరన్నా చూసినారా?" ఎవరూ చూడలేదు. ఆ మాటతోనే దినం ఖాయం అయింది. 9 జంటలు, ముగ్గురు పెద్దోళ్ళు, ఐదుగురు పిల్లకాయలు, మొత్తం 26 మందిమి. మినీ బస్సు బాడిగ ఇంటికింత అని పంచుకున్నాం.

*రామనగర ఏరు యాడికి పోతుంది*

రామనగర గూళ్ళ మార్కెట్టు ఆసియాలోనే పెద్దదని పేరు. ఆ ఊరి నడుమ పారే ఏరు అర్కావతి. మార్కెట్టుకు వచ్చేవాళ్ళం వంతెన మీద దాటి పోతాం గానీ దాని సంగతి పట్టించుకోం.

అర్కావతి నంది కొండల్లో పుట్టింది. నంది కొండలంటే మనకు కొత్త కాదు. ఆ కొండల చుట్టుపక్కలే ఉత్తర పినాకిని పుట్టి, పెన్నగా నెల్లూరు దాకా పోయి సముద్రంలో కలుస్తుంది. అక్కడే పుట్టిన దక్షిణ పినాకిని మన హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాములోకి, అట్లే క్రిష్ణగిరి వైపు పోతుంది. అర్కావతి మాత్రం దక్షిణంగా తిరిగి హెసరఘట్ట, తిప్పగొండనహళ్ళి చెరువుల మీదుగా రామనగర, కనకపుర దాటి, సుమారు 190 కిలోమీటర్లు పారి సంగమం దగ్గర కావేరిలో కలుస్తుంది. హెసరఘట్ట నుంచి 1894లో, తిప్పగొండనహళ్ళి నుంచి 1933లో బెంగళూరుకు తాగే నీళ్ళు పోయినాయి. ఒక కాలంలో బెంగళూరు దాహం తీర్చిన ఏరు ఇది.

మేం తళ్ళి, ఆనేకల్లు, హారోహళ్ళి మీదుగా కనకపుర చేరినాం. అక్కడి నుంచి దొడ్డాలహళ్ళి దారిలో సంగమానికి. దారి పొడుగునా మల్బరీ తోటలే. బస్సులో ఒక్కరు కూడా కొండల వైపు చూడలేదు. "ఈ తోట వరుసల నడుమ ఎడం ఎంత పెట్టినారో చూడు", "ఆకు ముడత పడింది, తామర పురుగు కొట్టింది" అని అదే మాట. తోటలు అయిపోయి అడవి మొదలైనాకనే మాట మారింది.

*రెండు నీళ్ళు కలిసే చోట*

సంగమం దగ్గర కావేరి వెడల్పుగా, పరుపు బండల మీద నిదానంగా పారుతుంది. పక్క నుంచి అర్కావతి వచ్చి కలుస్తుంది. మేకెదాటుకు పోవాలంటే ముందు ఈ అర్కావతిని దాటాల. నీళ్ళు తక్కువగా ఉంటే మోకాలి లోతులో నడిచి, ఎక్కువగా ఉంటే పుట్టిలో. మనం పుట్టి అంటాం, కన్నడంలో హరిగోలు, తమిళంలో పరిసల్. వరద ఉంటే దాటనివ్వరు. మేం పుట్టిలో నాలుగు విడతలుగా దాటినాం.

ఇక్కడ ఒక మాట చెప్పాల. కావేరి నీళ్ళకూ అర్కావతి నీళ్ళకూ తేడా కంటికి తెలుస్తుంది, ముక్కుకూ తెలుస్తుంది. బెంగళూరు మురికి మోసే వృషభావతి బైరమంగల చెరువు మీదుగా వచ్చి అర్కావతిలో కలుస్తుంది. దారిలో ఉన్న ఊర్ల మోరీ నీళ్ళు కూడా ఇందులోకే. ఆ ఊర్లలో రామనగర ఉండాది, మన గూళ్ళు ఉడకబెట్టే ఊరది. బెంగళూరు వాళ్ళను తిట్టడం సులువు. మా చిన్నమ్మ నీళ్ళ వైపు చూసి ఒక్క మాటే అన్నింది: "దీంట్లో మన వంతు కూడా ఉండాది." ఎవరం ఎదురు చెప్పలేదు. అక్కడ కాళ్ళు తడుపుకున్నాం గానీ ముఖం కడుక్కున్నది మాత్రం కావేరి పక్కకు పోయి.

*నాలుగు కిలోమీటర్ల దారి*

ఏరు దాటినాక మేకెదాటుకు నాలుగు కిలోమీటర్ల పైన రాళ్ళ దారి. కుడిచేతి పక్క కావేరి, ఎడమచేతి పక్క కొండ. అవతల జీపులు, పాత బస్సులు తిప్పుతారు. నడవలేని ముగ్గురు పెద్దోళ్ళను బండి ఎక్కించి, మిగతా వాళ్ళం నడిచినాం.

ఇది కావేరి వన్యప్రాణి అభయారణ్యం, 1987లో ప్రకటించినారు. ఏనుగులు ఉంటాయి. నీళ్ళల్లో మొసళ్ళు, నీటికుక్కలు ఉంటాయి. మహసీర్ అనే పెద్ద చేపకు ఈ నది పేరుపడింది. బూడిద రంగు పెద్ద ఉడుత ఇక్కడి ఒడ్డు చెట్ల మీద బతుకుతుంది. మాకు ఏనుగు కనిపించలేదు, లద్దె కనిపించింది. అంత మాత్రానికే పిల్లకాయలు గుంపులోకి వచ్చేసినారు, ఒక్కడూ ముందుకు ఉరకలేదు.

మనకు చూడాల్సింది ఇంకొకటి ఉండాది. ఒడ్డు పొడుగునా బెరడు తెల్లగా నున్నగా, బొదెలు లావుగా నీళ్ళ మీదికి వంగి ఉండే చెట్లు. అవి తెల్లమద్ది చెట్లు. దసలి పట్టుపురుగు తినేది ఈ మద్ది ఆకునే. ఒడిశాలో, మహారాష్ట్ర గడ్చిరోలి వైపు, తెలంగాణ అడవి పల్లెల్లో దసలి సాకేవాళ్ళు పురుగుల్ని చెట్టు మీదే వదిలి, పిట్టల నుంచి, చీమల నుంచి కాపలా కాస్తారు. మనం ఆకును పురుగు దగ్గరకు మోస్తాం, వాళ్ళు పురుగును ఆకు దగ్గరకు మోస్తారు. ఈ గ్రూపులో ఆ వైపు అన్నలు ఉన్నారు గదా, ఆ చెట్ల కింద నడిచేటప్పుడు మీరే గుర్తొచ్చినారు. మల్బరీ తప్ప వేరే ఎరగని మా పిల్లకాయలకు "ఇదీ పట్టు చెట్టే" అని చూపించినాం. ఒకడు ఆకు తుంచి వాసన చూసి, "దీన్ని పురుగు ఎట్లా తింటుందో" అన్నాడు.

దారి కష్టం కాదు. నీడ మాత్రం అంతటా లేదు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి, నిలుచుంటా మాట్లాడుకుంటా గంటన్నరలో చేరినాం. ఎండ ముదిరినాక అదే దారి రెండింతలు అనిపిస్తుంది.

*మేక దాటిన సందు*

మేకెదాటు అంటే కన్నడం వాళ్ళు బయటోళ్ళకు అర్థం చెప్పుకోవాల. మన తెలుగోళ్ళకు ఆ పని లేదు. మేక, దాటు. తమిళంలో కూడా ఆడు తాండుం కావేరి అంటారు. పులి తరిమితే మేక ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి దూకి పోయిందని కథ. ఆ మేక రూపంలో ఉండింది శివుడని ఇంకో కథ.

పైన సంగమం దగ్గర 150 మీటర్ల వెడల్పు ఉన్న నది ఇక్కడికి వచ్చేటప్పటికి ఎండాకాలంలో 10 మీటర్ల సందులోకి దూరుతుంది. అంత నీళ్ళు ఇంత సందులో ఎట్లా పడతాయి? వెడల్పు తగ్గితే లోతూ వేగమూ పెరగాల. పైన పరుపుగా పారిన నీళ్ళు ఇక్కడ నిలువుగా పారుతున్నాయి అనుకోండి. పై నుంచి చూస్తే కొన్ని చోట్ల నురగ లేకుండా నిమ్మళంగా, పచ్చగా కనిపిస్తుంది. శబ్దం మాత్రం బండ లోపలి నుంచి వస్తుంది. కాళ్ళ కింద అదురు తెలుస్తుంది.

బండల గోడల్లో గుండ్రంగా గుంతలు ఉన్నాయి, రోళ్ళ మాదిరి. ఎవరో ఉలితో చెక్కినట్టు నున్నగా ఉంటాయి. చెక్కింది మనుషులు కాదు. నీటి సుడిలో చిక్కిన గుండ్రాయి అదే చోట తిరిగి తిరిగి, రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు, బండను అరగదీసింది. ఈ బండలు 250 కోట్ల ఏండ్ల పైబడినవి, మన దేశంలో పాత రాళ్ళల్లో చేరినవి. అంత గట్టి రాతిని నీళ్ళూ గుండ్రాళ్ళే కోసినాయి.

మా గుంపులో మాట ఆగిపోయింది. పొద్దున నుంచి రేటు, ఆకు, మందు అని మాట్లాడుతున్న వాళ్ళం అరగంట ఎవరం ఏమీ మాట్లాడలేదు. 18 ఏండ్లుగా కలిసి పురుగు సాకుతున్న ఒక జంట బండ నీడలో పక్కపక్కన కూర్చుని నీళ్ళ వైపు చూస్తా ఉండిరి. ఆ అక్క తర్వాత చెప్పింది: "ఆకు వేసేది ఆలస్యం అయిపోతుందేమో అని ఒక్కసారి గూడా అనిపించలేదు. అట్లాంటి దినం నాకు గుర్తే లేదు."

*చూసేది చాలు, దిగొద్దు*

ఈ భాగం అందరూ చదవండి, పిల్లకాయలకు చదివి వినిపించండి.

మేకెదాటులోనూ సంగమంలోనూ ఏండ్లుగా ఎంతోమంది నీళ్ళల్లో పోయినారు. ఎక్కువ మంది వయసు పిల్లలు. ఈత రానివాళ్ళే కాదు, వచ్చినవాళ్ళు కూడా. కారణాలు చూస్తే కొత్తవేమీ లేవు. బండ అంచు నాచుతో జారుతుంది. పడితే పట్టుకోవడానికి ఆ నున్నటి గోడలో ఏమీ దొరకదు. బండ కింద నీళ్ళు తొలిచిన గుంతలు ఉంటాయి, ప్రవాహం మనిషిని అందులోకి లాగితే ఎంత ఈతగాడైనా పైకి రాలేడు. నిమ్మళంగా కనిపించే నీళ్ళను నమ్మకూడదు. పైకి నిగనిగలాడే పురుగులో పాలరోగం ఉన్నట్టే ఇది.

ఇంకొక సంగతి, వాన లేకున్నా నీళ్ళు పెరుగుతాయి. పైన కన్నంబాడి డ్యాము, కబిని డ్యాము ఉన్నాయి, శివనసముద్రంలో కరెంటు మిషన్లు ఉన్నాయి. 1902లో అక్కడి నుంచే కోలారు బంగారు గనులకు కరెంటు పోయింది. ఆ గనుల్లో పనిచేసిన మన చిత్తూరు, కోలారు తెలుగోళ్ళ ఇళ్ళల్లో ఆ కథలు ఇంకా ఉంటాయి. పైన నీళ్ళు వదిలితే కింద ఆకాశం ఎంత తేటగా ఉన్నా నది పెరుగుతుంది. పొద్దున పొడిగా ఉన్న బండ మధ్యాహ్నానికి నీళ్ళల్లో ఉండొచ్చు.

మా గుంపులో ఒక పిల్లోడు, పద్దెనిమిది పందొమ్మిది ఏండ్లుంటాయి, ఫోటో కోసం అంచుకు దిగబోయినాడు. "ఒక్క నిమిషమే మామా, ఏం కాదు" అన్నాడు. వాళ్ళ మామ కేకలు వేయలేదు. తన పైగుడ్డ తీసి, అంచుకు పదడుగుల ఇవతల బండ మీద పరిచి, "దీనికి ఈ పక్క నుంచి ఎన్ని ఫోటోలైనా తీసుకోరా. ఆ పక్కకు నువ్వు పోతే నేనూ వస్తా" అని పక్కన నిలబడినాడు. పిల్లోడు నవ్వి ఆగిపోయినాడు. తర్వాత అందరికీ ఆ గుడ్డే గీత అయింది. పెద్దోళ్ళం గూడా దాన్ని దాటలేదు. మనం దాటకుంటేనే పిల్లలు దాటరు.

*ఈ చోటు ఎన్నాళ్ళు ఇట్లా ఉంటుందో*

ఇక్కడ డ్యాము కట్టాలని కర్ణాటక ప్రభుత్వం తలపెట్టింది. 67 టీఎంసీల పైన నీళ్ళు నిలిపి, బెంగళూరుకు తాగే నీళ్ళు, 400 మెగావాట్ల కరెంటు తీయాలని. సుమారు 5,000 హెక్టార్లు మునుగుతాయి, అందులో ఎక్కువ భాగం అడవే. తమిళనాడు వద్దంటోంది. ఈ నదే కిందకు పోయి క్రిష్ణగిరి జిల్లా బిలిగుండ్లు దగ్గర కొలతకు నిలుస్తుంది, తర్వాత హొగెనక్కల్, మెట్టూరు. కర్ణాటక ఏటా 177.25 టీఎంసీలు ఇవ్వాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, ఆ కొలత బిలిగుండ్లులోనే.

మనవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, ఎవరిది న్యాయం అని ఈ గ్రూపులో తేల్చేది కాదు. బోరు ఎండిన తోట రైతుకు నీళ్ళ విలువ ఎవరూ చెప్పాల్సిన పని లేదు. నేను చెప్పేది ఒకటే. మాట్లాడేముందు ఒకసారి పోయి చూడండి. ఆ మద్ది చెట్లు, ఆ రోళ్ళ బండలు చూసినాక ఏ పక్కన మాట్లాడినా, తెలిసి మాట్లాడినట్టు ఉంటుంది.

*మీరు పోవాలంటే*

1. బెంగళూరు నుంచి సుమారు 90 నుంచి 100 కిలోమీటర్లు. కనకపుర మీదుగా సంగమం. మార్కెట్టుకు గూళ్ళు వేసిన దినమే పోదాం అనుకోవద్దు, నిద్ర లేని కంటితో బండల మీద నడవకూడదు.

2. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. జూన్ తర్వాత వరద కాలం. బయలుదేరే ముందు పైన నీళ్ళు వదిలినారేమో పేపర్లో చూడండి.

3. పొద్దున్నే చేరండి, వెలుతురు ఉండగానే వెనక్కి తిరగండి. సాయంత్రం ఏనుగులు నీళ్ళకు వచ్చే వేళ.

4. నీళ్ళు, తిండి మీరే తీసుకుపోండి. మేం చిత్రాన్నం, పెరుగన్నం, శనక్కాయ చట్నీ తీసుకుపోయినాం. అరిటాకులో తిన్నాం. ప్లాస్టిక్ ఏదున్నా మూటగట్టి వెనక్కి తెచ్చినాం.

5. జారని చెప్పులు వేసుకోండి. సారాయి, బీరు వద్దు. అక్కడ చాలా చావులకు అదీ ఒక కారణం.

6. ఇంటికి వచ్చినాక నీళ్ళు పోసుకుని, బట్టలు మార్చుకున్నాకనే షెడ్డు తాళం తీయండి. మందు కొట్టి మూసిన షెడ్డులోకి దారి దుమ్ముతో పోతే కొట్టిన మందు దండగ.

7. తిరిగి వచ్చిన తర్వాత రెండో విడత మందు కొట్టి, తేమ ఆరనిచ్చి, అప్పుడే చాకీ దింపుకోండి. ఒక దినం ఆటకని పోయి శుభ్రం దగ్గర దినం కోత పెట్టొద్దు.

మా పంట ఇప్పుడు మూడో జ్వరంలో ఉండాది. ఊజి ఈసారి తక్కువగా ఉందని అందరూ అంటున్నారు, గూళ్ళు దించినాక లెక్క రాస్తాను. చాలామంది "మా ఊర్లో ఇట్లా కుదరదు, ఒకడి మాట ఒకడు వినడు" అంటారు. మా ఊర్లోనూ అదే మాట ఉండె. మొదట నాలుగిళ్ళే ఒప్పుకున్నాయి, రెండో పంటకు ఏడు, మూడో పంటకు 11. తీరిక దినం ఎవరూ ఇచ్చేది కాదు, మనలో మనం కలిసి పుట్టించుకోవాల్సిందే. ముందు మీ ఊర్లో చాకీ తేదీ కలపండి. బండి తర్వాత మాట్లాడుకోవచ్చు.